అరవై మూడు రెండో బహుమతులు

అబద్ధం ఆడకుండా రెజ్యూమె రాసే విద్యార్థిని అస్సలు నమ్మకండి! వాడికి ఊహాశక్తి లేదు, పెద్దలంటే గౌరవం లేదు, చదివేవాడికి కాస్త కాలక్షేపం కావాలన్న ఇంగితం బొత్తిగా లేదు.

నవ్వకండి. ఈ రోజుల్లో కథలు రాసేవాళ్లు ఎంతమంది? చదివేవాళ్లు ఎంతమంది? అలాంటిది ఏటా లక్షలాదిమంది పిల్లలు, మీసాలు సరిగ్గా మొలవకముందే, రెండు మూడు పేజీల కల్పిత రచన చేసి కింద సంతకం కూడా పెడుతున్నారు. అందులో కష్టపడే నాయకుడు ఉంటాడు. వాడికో మహత్తరమైన ఆశయం ఉంటుంది. ప్రతినాయకుడు మాత్రం ఉండడు, ఇంటర్వ్యూ గదిలో కూర్చుని ఉంటాడు.

ఈ ప్రక్రియలో నాది అందెవేసిన చెయ్యి అని మా అక్క నమ్మకం. మొన్నామధ్య ఓ ఆదివారం ఫోన్ చేసి, "ఒరేయ్, వారం వారం పేపర్లో లేనిపోనివన్నీ రాస్తూనే ఉంటావుగా! నీ మేనకోడలికి ఒక్క రెజ్యూమె రాసిపెట్టలేవూ?" అంది. నా రచనల మీద ఇంత సూటి విమర్శ ఇంతవరకూ ఎవరూ చేయలేదు. వెంటనే బయల్దేరాను.

సంగతేమిటంటే, మా మేనకోడలు డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. మా బావది వాచీలు బాగుచేసే షాపు, ఇల్లు దాని వెనకాలే. మూడేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. వాచీ ముల్లు పట్టుకుందామంటే ముల్లు ఒక దగ్గర, పట్టకారు ఇంకో దగ్గర. అందుకని కాలేజీ అవగానే ఈ పిల్లే వచ్చి షాపులో కూర్చుంటోంది. మర్నాడు సోమవారం వాళ్ల కాలేజీకి ఒక కంపెనీ వస్తోంది. పిల్లకి ఉద్యోగం వస్తే షాపు మూసేసి కాస్త నడుం వాలుద్దామని బావ అప్పటికే నిశ్చయించుకున్నాడు. అంటే, నలుగురి బతుకు ఓ కాగితం మీద వేలాడుతోందన్నమాట.

తను రాసుకున్నది చూపించింది. ఏడు లైన్లు! పేరు, చదువు, మార్కులు అయిపోయాక ఇలా ఉంది: "మూడేళ్లుగా సాయంత్రాలు మా నాన్న షాపులో వాచీలు, గడియారాలు బాగుచేస్తున్నాను. చెప్పిన రోజుకి ఇస్తాను."

"ఏమిటే ఇది?" అన్నాను.

"నిజం, మామయ్యా."

"అది తెలుస్తూనే ఉంది. ఇలా రాస్తే ఉద్యోగం ఎవడిస్తాడు?"

"ఏం, అది పని కాదా?"

"పనే. అనుభవం కాదు."

ఈ తేడా చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. పని అంటే మీరు చేసేది. అనుభవం అంటే మీరు చేశారని ఇంకొకరు లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు గుద్ది ఇచ్చేది. కన్నతండ్రి స్టాంపు గుద్దితే చెల్లదు! పైగా ఉద్యోగం కావాలంటే అనుభవం ఉండాలి, అనుభవం కావాలంటే ముందు ఉద్యోగం ఉండాలి. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు. ఇంత చక్కటి ఏర్పాటు ఏ మహానుభావుడు చేశాడోగానీ, ఇందులోంచి బయటపడటానికే మాలాంటి రచయితలు పుట్టారు.

వాచీల లైను నిర్దాక్షిణ్యంగా కొట్టేశాను. ఇక కలం ఝళిపించాను.

క్లాసులో సుద్దముక్కలు అయిపోతే ఆఫీసు గదికెళ్లి తెచ్చేదట. 'విద్యా సామగ్రి సరఫరా విభాగ నిర్వహణ' అని రాశాను. ఒకసారి లిఫ్టులో నలుగురితో కలిసి ఇరుక్కుపోతే, అరవకండి, వస్తారు అని చెప్పిందట. 'సంక్షోభ సమయంలో బృంద నాయకత్వం!' తమ్ముడి చేత రోజూ హోంవర్క్ చేయిస్తుంది. 'జూనియర్ సిబ్బందికి శిక్షణ.' ఇంక బలహీనత దగ్గరికొచ్చాం. లోకంలో రెజ్యూమె రాసేవాళ్లందరికీ ఒకటే బలహీనత: అతిగా కష్టపడటం. అదే రాశాను.

"నాకు నిద్రెక్కువ మామయ్యా," అంది.

"అది బలహీనత కాదమ్మా, రహస్యం," అన్నాను.

మూడు పేజీలైంది. తీసుకెళ్లి కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులో ఇచ్చాం. దాని యజమానిని పిల్లలంతా ఫైనలన్న అంటారు. ఎందుకంటే ఆయన కంప్యూటర్లో ఫైళ్లన్నిటి పేర్లూ 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్', 'ఇదే ఫైనల్' అనే ఉంటాయి. ఆ కాలేజీ రెజ్యూమెలన్నీ ఒక్క తల్లి బిడ్డలు. పాతది తెరవడం, పేరు మార్చడం, మార్కులు మార్చడం, ప్రింటు తీయడం. ఓసారి పేరు మార్చడం మరిచిపోతే, ఆ కుర్రాడికి ఉద్యోగం వచ్చి ఇప్పటికీ ఆ పేరుతోనే చేస్తున్నాడట!

మా సరుకంతా ఎక్కించాక చూస్తే, చివరి పేజీలో 'పైన పేర్కొన్నవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అనే మాటకి సరిగ్గా పైన ఒక లైను కనిపించింది: 'జిల్లా స్థాయి ఈత పోటీల్లో ద్వితీయ బహుమతి.'

"ఇది మాది కాదయ్యా," అన్నాను.

"ఎవరిదీ కాదండి. ఎనిమిదేళ్ల కిందట ఒకబ్బాయి రాయించుకున్నాడు. ఆయన నిజంగానే ఈదేవాడు."

"అయితే తీసెయ్."

"తీస్తే కింద గీత పైకొచ్చేస్తుందండి. ఫొటో పక్కకి పోతుంది. పేజీ మొత్తం చెదిరిపోతుంది. నేనే భయపడి ముట్టుకోను. ఉండనివ్వండి, దాని మానాన అది పడుంటుంది."

"నాకు ఈత రాదు మామయ్యా. నీళ్లంటేనే భయం," అంది మేనకోడలు.

"వాళ్లేమన్నా నిన్ను బకెట్లో దింపి చూస్తారా?" అని ధైర్యం చెప్పాను.

సోమవారం ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లు అరవై మూడు మంది. కంపెనీ తరఫున వచ్చిన అధికారి నలభై మంది దాకా ఓపిక పట్టాడట. మా పిల్ల వంతు వచ్చేసరికి కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"మీ కాలేజీలో అందరికీ రెండో బహుమతే వచ్చిందమ్మా. మొదటిది ఎవరికొచ్చింది?" అని అడిగాడు.

ఇక్కడే ఊహాశక్తి కావాలి! మేనమామ ఎంత రాసిచ్చినా, అవసరానికి ఆదుకునేది సొంత తెలివే కదా? మా పిల్ల ఏమందో తెలుసా?

"నాకు ఈత రాదు సార్. ఆ లైను తీస్తే పేజీ చెదిరిపోతుందని ఉంచేశారు."

"మరి నీకేం వచ్చు?"

"వాచీలు బాగుచేయడం వచ్చు సార్."

ఆయన మూడు పేజీలూ తిరగేశాడు. "అది ఇందులో లేదే?"

"మా మామయ్య కొట్టేశాడు సార్."

చూశారా? రక్తసంబంధం ఏ కొమ్మ మీద కూర్చుంటే ఆ కొమ్మనే నరుకుతుంది. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడట. తర్వాత షాపు అడ్రసు అడిగి రాసుకున్నాడట. ఆ ఒక్క మాటకి ఇంట్లో పండగ వాతావరణం! ఆర్డరు స్వయంగా తెచ్చి ఇస్తారు కాబోలు అని అక్క పక్కింటావిడకి చెప్పేసింది. బావ షాపులో సామాను అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాడు.

రెండ్రోజులకి జాబితా వచ్చింది. అందులో మా పిల్ల లేదు. అనుభవం చాలదట. ఎంపికైనవాళ్లలో మొదటి పేరు ఎవరిదంటే, అదే ప్రశ్నకి కన్నార్పకుండా "మొదటి బహుమతి మా అన్నయ్యకొచ్చింది సార్" అన్న కుర్రాడిది. వాడికి అన్నయ్య లేడని తర్వాత తెలిసింది. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే!

బావ అట్టపెట్టెల్లోంచి సామాను మళ్లీ బయటికి తీశాడు. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

వారం తిరక్కుండా ఆ అధికారి నిజంగానే షాపుకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన పేరూ హోదా చెప్పగానే బావ లేచి నిలబడ్డాడు, అక్క గుమ్మంలోంచి తొంగి చూసింది. ఆయన జేబులోంచి తీసింది కాగితం కాదు. రుమాల్లో చుట్టిన పాత వాచీ.

"మా నాన్నదమ్మా. ముగ్గురికి చూపించాను. పారేయమన్నారు. నువ్వొకసారి చూస్తావా?"

మేనకోడలు కంటికి అద్దం పెట్టుకుని వెనక మూత తీసి చూసింది. "స్ప్రింగు తెగింది సార్. గురువారం రండి."

"జాగ్రత్తమ్మా. ఆయనది నా దగ్గర ఇదొక్కటే మిగిలింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "అయ్యా, అమ్మాయికి అనుభవం చాలదన్నారట కదా!" అన్నాను.

ఆయన కాస్త ఇబ్బందిపడ్డాడు. "అది కంపెనీ రూలండి," అన్నాడు. "ఇది నా వాచీ."

గురువారం వచ్చాడు. వాచీ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను. మేనకోడలు ఆ వాచీని ఒక కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. ఏమిటా అని ఆయన విప్పి చూశాడు. ఆ ఏడు లైన్ల రెజ్యూమె! మెట్ల మీదే నిలబడి మొదట్నుంచి చివరిదాకా చదివాడు. మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఇంతవరకు కబురు లేదు.

వచ్చే నెల ఇంకో కంపెనీ వస్తోందట. ఈసారి ఆ ఏడు లైన్లే ప్రింటు తీయమని ఫైనలన్నకి ఇచ్చాం. ఆయన చాలా బాధపడ్డాడు. "పేజీ బోసిగా ఉందండి, ఈత పెట్టనా?" అన్నాడు.

కాబట్టి విద్యార్థులారా, మంచి రెజ్యూమె రాయడం ఏమంత కష్టం కాదు, ఏడు లైన్లు చాలు. అది చదవాల్సినవాడి వాచీ మాత్రం ముందుగా ఆగిపోయి ఉండాలి.