ముద్రల గుమాస్తా మూసిన కళ్లు

ముద్రల గుమాస్తా ఆ పొద్దున బస్సులోనే నిశ్చయించుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఐదు నిమిషాలు కునుకు తీయాలి. కూతురి పసిబిడ్డ మూడు వారాలుగా ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. పాత ఆఫీసులో నిద్రపోయినందుకు ఆయనకు అప్పటికే రెండు మెమోలు ఉన్నాయి. మూడోది వస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకని వీపు నిటారుగా పెట్టి, చేతులు ముద్రల పెట్టె మీద ఆనించి, కళ్లు మాత్రం మూశాడు.

బదిలీ మీద వచ్చి పది రోజులే అయింది. ఎవరితోనూ మాట్లాడడు. ఆ ఆఫీసులో ఒక మతం వాళ్లు కిటికీ వైపు, ఇంకో మతం వాళ్లు తలుపు వైపు కూర్చుంటారు. ఆఫీసులో ప్రార్థనలు చేయరాదని గోడకు సర్క్యులర్ అంటించి ఉంది. దాన్ని అవతలి వైపు ఎవరు మీరుతున్నారో కనిపెట్టడమే రెండు వైపులా అసలు పని.

కునుకు మొదలుపెట్టిన మూడో రోజుకల్లా ఆఫీసరు పిలిచాడు.

"సర్కారు కుర్చీలో కూర్చుని ప్రార్థన చేస్తున్నారట. ఏ దేవుడికండీ?"

గుమాస్తా ఆలోచించాడు. ప్రార్థన అంటే చీవాట్లు. నిద్ర అంటే ఉద్యోగమే పోతుంది.

"మనసులోనే కదండీ" అన్నాడు. ఏ దేవుడో చెప్పలేదు. కొంప అక్కడే మునిగింది.

కిటికీ పక్కన కూర్చునే టైపిస్టమ్మ ఆయన తల తలుపు వైపే వాలుతోందని రోజూ కాగితం మీద రాసింది. తలుపు దగ్గరి క్యాషియరు కిటికీ వైపే వాలుతోందని రాశాడు. రెండూ నిజమే. నిద్రలో తలకు దిక్కేముంది? ఆయనకో న్యాయం, మాకో న్యాయమా అని రెండు వైపులవాళ్లూ అర్జీలు పెట్టారు.

ఆఫీసరు తల పట్టుకుని ఒక ఆర్డరు రాశాడు. రోజూ రెండింటికి ఐదు నిమిషాలు అందరూ కళ్లు మూసుకోవచ్చు. ఏ దిక్కుకూ తిరగకుండా తల బల్ల మీదే వాల్చాలి. పెదవులు కదపరాదు. ఇది ప్రార్థన కాదు. ఎవరైనా ముఖం తిప్పితే పట్టుకోవడానికి ఒకరు మెలకువగా ఉండాలి. రెండు కాగితాలూ కలిపి చూస్తే గుమాస్తా ఏ వైపూ కాడని తేలింది కనుక, ఆ పని ఆయనకే అప్పగించాడు.

గుమాస్తాకు అసలు సంగతి చెప్పుకునే దారి లేదు. చెబితే మూడో మెమో. మండుతున్న కళ్లతో వాచీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆర్డరు వచ్చిన నాలుగో రోజు రెండు గంటల మూడు నిమిషాలకు పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి చెప్పకుండా వచ్చాడు. పద్నాలుగు తలలు బల్లల మీద ఉన్నాయి. పద్నాలుగోది ఆఫీసరుది.

"ఏమిటిది? ప్రార్థనా?"

ఆఫీసరు ఉలిక్కిపడి లేచి, గోడ మీది సర్క్యులర్ వంక చూశాడు.

"కాదండీ. కాదని రాసి సంతకం కూడా పెట్టాను."

"అయితే నిద్రే కదయ్యా."

ఆఫీసరు తన ఆర్డరు కాగితం కోసం బల్ల మీద వెతకడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి పద్నాలుగు మెమోలు వచ్చాయి. అన్నింటి మీదా గుమాస్తాయే ముద్ర వేశాడు. తనిఖీ వాళ్లకు ముందే కబురు పెట్టింది ఆయనేనని, ఆ ఆఫీసు చరిత్రలో మొదటిసారి కిటికీ వైపువాళ్లూ తలుపు వైపువాళ్లూ ఒక్క మాట మీద నిలబడ్డారు.