సోమవారం ఉతకని ఊరు

ఆ సోమవారం ఎమిల్ కుబిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నర రైలుకి ఒమాహా నుంచి ప్రభుత్వ ఇంజనీరు దిగుతాడు. ఆయన్ని తొమ్మిదిన్నరకల్లా గుట్ట మీది ఆసుపత్రి నేలమాళిగలోకి తీసుకెళ్ళి, గోడకున్న నీటి ఒత్తిడి మీటరు చూపించాలి. ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంటుంది. ఇంజనీరు దాన్ని కళ్ళారా చూసి, టార్బెల్ పట్టణానికి కొత్త నీళ్ళ ట్యాంకూ, గుట్ట మీదికి లావుపాటి గొట్టమూ అవసరమని రాసి సంతకం పెడతాడు. వాటర్‌వర్క్స్ సూపరింటెండెంటుగా కుబిక్ నోరు విప్పాల్సిన పని కూడా ఉండదు.

ముల్లు సున్నా దగ్గరే ఎందుకుంటుందంటే, సోమవారం కాబట్టి. మా ఊళ్ళో ప్రతి ఇల్లాలూ సోమవారం పొద్దున్నే బట్టలు ఉతుకుతుంది. అది బైబిల్లో లేదు గానీ, ఉన్నట్టే పాటిస్తారు. పల్లంలో ఉన్న తొమ్మిది వందల ఇళ్ళలో తొట్లన్నీ ఒక్కసారిగా నిండుతాయి, గుట్ట మీద కుళాయిలన్నీ ఒక్కసారిగా దగ్గి ఊరుకుంటాయి. కిందటి ఏప్రిల్లో ఒక సోమవారం ఆసుపత్రిలో పుట్టిన ఆడపిల్లకి ఒళ్ళు కడగడానికి చుక్క నీళ్ళు లేవు. కుబిక్ పాల క్యాన్లలో నీళ్ళు నింపుకుని, లారీ వేసుకుని గుట్టెక్కాడు. హెడ్ నర్సు హార్ట్‌విగ్ ఆ క్యాన్లు అందుకుంటూ, "ఎమిల్, ఏదో ఒక సోమవారం నీ లారీ కూడా కదలకపోతే మేమేం చెయ్యాలి?" అని అడిగింది. ఆ మాటకి జవాబు అతను మూడు నెలలుగా వెతుకుతూనే ఉన్నాడు.

మాంద్యం వచ్చిన దగ్గర్నుంచీ కౌన్సిల్‌కి అతను పదకొండు ఉత్తరాలు రాశాడు. ప్రతిదానికీ ఒకే జవాబు వచ్చింది, రోజులు బాగాలేవని. రోజులు బాగాలేకపోతే పసిపిల్లలు స్నానం మానేస్తారా? ఇప్పుడు వాషింగ్టన్ వాళ్ళే పనుల్లేనివాళ్ళకి పని చూపించడానికి ట్యాంకులు కట్టిస్తామంటున్నారు. అయితే నిజంగా అవసరం ఉన్న ఊళ్ళకే ఇస్తారు. అందుకే కుబిక్ ఇంజనీరుని సోమవారమే రమ్మని పట్టుబట్టి రప్పించాడు.

ఏడున్నరకి పంపుహౌస్‌లో కాఫీ తాగుతూ అక్కడి మీటరు వైపు చూసిన కుబిక్‌కి కాఫీ పొలమారింది. ముల్లు దిగాల్సింది పోయి ఎక్కుతోంది. ఎక్కడో వాల్వు బిగుసుకుపోయి ఉంటుందనుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఒక్క పెరట్లోనూ నీళ్ళు కాచే పొగ లేదు, ఒక్క తీగ మీదా దుప్పటి లేదు. లూథరన్ చర్చి మహిళా సంఘం అధ్యక్షురాలు అగస్టా లిండ్‌క్విస్ట్ తెల్ల చేతితొడుగులు వేసుకుని, టోపీలో పూలు సర్దుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, మీరింకా ఉతకడం మొదలుపెట్టలేదేంటి?" అన్నాడు కుబిక్ ఆయాసపడుతూ.

"ఇవాళ ఉతుకు లేదయ్యా, ఎమిల్. నిన్న చర్చిలో చెప్పారు కదా?"

"ఏం చెప్పారు?"

"మేయరుగారు చెప్పించారు, నాలుగు చర్చిల్లోనూ. ప్రభుత్వం నుంచి పెద్దమనిషి వస్తుంటే ఊరంతా లంగాలూ లాగులూ ఆరేసి చూపిస్తామా? ఉతుకు మంగళవారానికి మార్చి, అందరం మంచి బట్టలు కట్టుకుని స్టేషను వీధిలో నిలబడాలన్నారు. నువ్వు చర్చికొస్తే తెలిసేది."

కుబిక్ ఆదివారాలు చర్చికి వెళ్ళడు. ఊరంతా స్నానాలు చేసి దేవుడి దగ్గరికి వెళ్ళాలంటే, ఎవడో ఒకడు పంపు దగ్గర కూర్చోవాలి. నాలుగు చర్చిల్లో చాటింపు వేయించిన మేయరుకి పంపుహౌస్‌కి ఒక్క ఫోను చెయ్యడానికి మాత్రం చేతులు రాలేదు.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడే ఉతకండి. మీరు ఉతికితే ఊరంతా ఉతుకుతుంది!"

"మాటిచ్చాం కదయ్యా, తప్పమంటావా?"

"పోనీ, కుళాయిలన్నా తిప్పి వదిలెయ్యండి."

ఆవిడ అతన్ని కిందికీ పైకీ చూసింది. "కారే కుళాయి ఊరికి ద్రోహమని కిందటేడు ఇంటింటికీ కాగితం అంటించింది నువ్వే కదా? వంటింట్లో ఇంకా ఉంది. పొద్దున్నే ఏం తాగావు?"

ఆ కాగితం నిజంగానే అతను రాసిందే. కుబిక్ పంపుహౌస్ దగ్గరున్న లారీ ఎక్కి స్టేషనుకి పరిగెత్తించాడు. అక్కడ మేయరు లేలాండ్ ట్రిప్ బ్యాండు వాళ్ళని ఎత్తుల ప్రకారం నిలబెడుతున్నాడు. ట్రిప్‌కి ఊళ్ళో కుర్చీల దుకాణం ఉంది, అందులోనే వెనకవైపు శవపేటికలూ అమ్ముతాడు. మా ఊళ్ళో మనిషి ఎటు తిరిగినా ఆయన సరుకులోనే కూర్చోవాలి, లేకపోతే పడుకోవాలి.

"మేయరుగారూ, కొంప ముంచారు! మనకి నీళ్ళు చాలవని చూపించడానికి కదా ఆయన్ని పిలిపించింది? ఆడవాళ్ళని ఉతకొద్దంటే గుట్ట మీద నీళ్ళు ధారగా వస్తాయి!"

"వస్తే మంచిదే కదా?"

"ఈ ఒక్క రోజూ రాకూడదండీ!"

ట్రిప్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఏడుస్తున్న చుట్టాల భుజాల మీద వేసీ వేసీ ఆ చెయ్యి బాగా మెత్తబడింది. "చూడు కుబిక్, ఇరవై ఏళ్ళుగా నేనొకటే నేర్చుకున్నాను. చచ్చినవాడినైనా సరే, తల దువ్వాకే జనానికి చూపించాలి. ఊరు శుభ్రంగా కనబడితే ఎవడైనా ఇస్తాడు. నువ్వెళ్ళి ఆ చొక్కా మార్చుకుని రా."

కుబిక్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? ఐదేళ్ళ పాటు ప్రతి సోమవారం సున్నా దగ్గర పడి ఉన్న ముల్లుని, సరిగ్గా అవసరమైన ఒక్క పూటా ఈ పెద్దమనిషి తల దువ్వి నిలబెట్టాడు. రైలు కూత వినబడుతోంది. కుబిక్ లారీలోంచి పెద్ద పానా తీసుకుని స్టేషను వీధి వెనక్కి వెళ్ళి, మంటలార్పడానికి పెట్టిన ఎర్ర కుళాయిలు మూడింటినీ ఒకదాని తరవాత ఒకటి పూర్తిగా తిప్పేశాడు. తొమ్మిది వందల ఇళ్ళు లాగాల్సిన నీళ్ళు ఆ మూడే లాగేస్తాయని అతని లెక్క.

లెక్క మంచిదే. నీళ్ళు వీధి పక్క కాలవల్లో పడి ఏటికి పోవాలి. కానీ ఆ కాలవల్లో మట్టి తీసే నలుగుర్నీ కౌన్సిల్ పొదుపు పేరుతో రెండేళ్ళ కిందటే ఇంటికి పంపించింది. రెండేళ్ళ కరువు దుమ్మంతా వాటిలో గట్టుదాకా పేరుకుపోయి ఉంది. నీళ్ళు దారి మళ్ళి సందుల్లోంచి స్టేషను వీధిలోకి వచ్చేశాయి. అక్కడ చీలమండల దాకా ఉన్న మెత్తటి దుమ్ము చూస్తూండగానే జారుడు బురదైంది.

సరిగ్గా అప్పుడే ఊరేగింపు మలుపు తిరిగింది. ముందు బ్యాండు, వెనక మేయరు, ఆయన పక్కనే తెల్ల నార సూటులో ఇంజనీరు వెదర్‌బీ. రెండు వైపులా ఆడవాళ్ళూ పిల్లలూ ఆదివారం బట్టల్లో నిలబడి రుమాళ్ళు ఊపుతున్నారు. పెద్ద డోలు వాయించేవాడి కాలు జారింది. అతను పడుతూ మేయరుని పట్టుకున్నాడు, మేయరు ఇంజనీరుని పట్టుకున్నాడు. వాళ్ళని లేపడానికి దిగిన లిండ్‌క్విస్ట్ అమ్మగారి మీద ఆవిణ్ణి లేపడానికి దిగిన సంఘం సభ్యులంతా పడ్డారు. పిల్లలు మాత్రం పడలేదు, కావాలని దూకారు. ఆ చిందులకి వీధికి రెండు వైపులా ఒక్క బట్టా శుభ్రంగా మిగల్లేదు.

"మెయిన్ గొట్టం పగిలింది! కూత వెయ్యండి!" అని బురదలోంచే అరిచాడు మేయరు.

అగ్నిమాపక కూత పడిందంటే మా ఊళ్ళో చట్టం ఒకటే. ఇంట్లో అయినా, ఐసు ఫ్యాక్టరీలో అయినా, తెరిచి ఉన్న ప్రతి కుళాయినీ తక్షణం కట్టెయ్యాలి. ఆ చట్టం రాసింది కూడా కుబిక్కే. ఊరు ఊరంతా కుళాయిలు కట్టేసింది. అగ్నిమాపక దళం మూడు నిమిషాల్లో వచ్చి, తెరిచి ఉన్న ఎర్ర కుళాయిలు చూసి, ఇదెవడో తాగుబోతు పనని తిట్టుకుంటూ మూడింటినీ బిగించేసింది.

మేయరు ఇంజనీరుని తన దుకాణంలో శవపేటికలు మోసే నల్ల కార్లో ఎక్కించి గుట్ట మీదికి తీసుకెళ్ళాడు. ఆ కారు వెనక కూర్చుని వెళ్ళిన మొదటి మనిషి ఇంజనీరే, అంతకుముందు వెళ్ళినవాళ్ళంతా పడుకునే వెళ్ళారు. కుబిక్ లారీలో వెంటపడి నేలమాళిగలోకి దిగేసరికి వెదర్‌బీ అప్పటికే మీటరు ముందు నిలబడి రాసేస్తున్నాడు. ఏ రోజూ నలభై దాటని ముల్లు యాభై రెండు చూపిస్తోంది.

"అద్భుతంగా ఉంది. గుట్ట కొసన యాభై రెండంటే, నేను చూసిన చిన్న ఊళ్ళలో ఇదే మొదటిది. మీకు ట్యాంకు అవసరం లేదు," అన్నాడు ఇంజనీరు.

"చూశారా మా ఊరు!" అన్నాడు మేయరు, గడ్డం మీది బురద తుడుచుకుంటూ.

"అయ్యా, ఇది నిజం కాదు! మామూలు సోమవారాల్లో ఇక్కడ చుక్క రాదు. ఇవాళ ఎవరూ ఉతకలేదు, పైగా కూత వేశారు, పైగా..." అంటూ కుబిక్ కాగితానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"మనుషులు ఎన్నయినా చెబుతారు. నేను మీటరు చెప్పిందే రాస్తాను," అని వెదర్‌బీ కాగితం మడిచి జేబులో పెట్టబోయి, ఆ జేబు నిండా బురద ఉండటం చూసి బల్ల మీద పెట్టాడు. "రైలుకి ఇంకా టైముంది. ఇక్కడ స్నానం చెయ్యడానికి వీలవుతుందా?"

హార్ట్‌విగ్ ఆయన్ని రెండో అంతస్తులోని స్నానాలగదికి తీసుకెళ్ళింది. మేయరు వసారాలోకి వెళ్ళి చుట్ట వెలిగించాడు. కుబిక్ ఒక్కడూ నేలమాళిగ మెట్టు మీద కూలబడ్డాడు. ఐదేళ్ళ పని ఒక్క పూటలో బురదపాలైంది. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు. కుళాయిలు తిప్పింది తనే, కాగితాలు అంటించింది తనే, కూత చట్టం రాసిందీ తనే. మళ్ళీ సోమవారం పాల క్యాన్లు నింపుకుని గుట్టెక్కి, హార్ట్‌విగ్ మొహం ఎలా చూడాలి? అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ కళ్ళతోనే మీటరు వైపు చూశాడు. ముల్లు నలభై ఎనిమిది దగ్గరుంది. తుడుచుకుని చూశాడు. నలభై. ముప్ఫై. ముల్లు దిగుతూనే ఉంది.

కింద ఊళ్ళో జరిగింది ఇంతే. కూత ఆగింది, పెద్దమనిషి గుట్టెక్కి వెళ్ళిపోయాడు, ఇచ్చిన మాట తీరిపోయింది. బురద ఆరితే ఇంక మరక వదలదని తెలిసిన తొమ్మిది వందల మంది ఆడవాళ్ళు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి బట్టని ఒకే క్షణంలో తొట్లో వేశారు. కొత్తవి కొనే రోజులు కావవి. ఆ పక్కనే పిల్లల్ని కూడా నిలబెట్టి తల మీంచి పోశారు.

పదిహేను. ఆరు. కుబిక్ మెట్టు మీంచి లేచాడు. ముల్లు సున్నా మీద పడుకుంది. పైన రెండో అంతస్తులో కుళాయి ఒకసారి దగ్గింది.

"ఏయ్! నీళ్ళాగిపోయాయి! కళ్ళల్లో సబ్బు!"

"ఇవాళ సోమవారమండీ," అన్న హార్ట్‌విగ్ గొంతు వినబడింది.

"అక్కడ రెండు బకెట్లున్నాయి కదా, అవి ఇవ్వండి!"

"అవి రోగులకి. మీరు ఆరోగ్యంగానే ఉన్నారు."

రెండు నిమిషాల తరవాత దుప్పటి చుట్టుకుని, నెత్తి నిండా నురగతో, ఒక కన్ను మూసుకుని వెదర్‌బీ నేలమాళిగలోకి దిగాడు. మీటరుని వేలితో రెండుసార్లు కొట్టాడు. ముల్లు కదల్లేదు.

"ఇదేంటి?"

"మీటరండీ," అన్నాడు కుబిక్.

"ప్రతి సోమవారం ఇంతేనా?"

"స్నానం మధ్యలో ఉన్నది మీరు కాబట్టి ఇవాళ తెలిసింది. మిగతా సోమవారాలు పసిపిల్లలూ బాలింతలూ ఉంటారు, వాళ్ళు రిపోర్టులు రాయరు."

వెదర్‌బీ ఆ కాగితం తీసి, రాసిందంతా కొట్టేసి, సబ్బు చేత్తోనే కొత్తగా రాశాడు. ట్యాంకూ గొట్టమూ రెండూ వెంటనే కావాలని రాసి, "వెంటనే" కింద రెండు గీతలు గీశాడు. కుబిక్ ఆ గీతలు చూసి, అక్కడే మెట్టు మీద కూర్చుని నవ్వాడో ఏడ్చాడో తనకే తెలియలేదు. ప్రతి సోమవారంలాగే ఆ పూట కూడా అతను లారీలో పట్టుకొచ్చిన పాల క్యాను నీళ్ళే ఇంజనీరు నెత్తిన పోశారు.

గురువారం కౌన్సిల్ సమావేశమైంది. ఇంజనీరుకి ఊరి అవసరాన్ని అంత నేర్పుగా చూపించిన మేయరు ట్రిప్ ముందుచూపుని మెచ్చుకుంటూ, ట్యాంకుకి ఆయన పేరు పెట్టాలని ఒక తీర్మానం చేశారు. కరువు కాలంలో అనుమతి లేకుండా మూడు కుళాయిలు తెరిచి, ఊరి నీళ్ళు వృథా చేసి, పౌరుల దుస్తులు పాడుచేసినందుకు సూపరింటెండెంటు కుబిక్ సంజాయిషీ ఇవ్వాలని ఇంకో తీర్మానం చేశారు. రెండూ ఏకగ్రీవంగా నెగ్గాయి.