వారం రోజుల ఉచిత ప్రేమ

డబ్బు పెట్టి వెతుక్కున్న ప్రేమ నిలవదని నా గట్టి నమ్మకం. నిలిచేది ఉచితంగా దొరికిందే. ఎన్నాళ్లు నిలుస్తుందంటారా? సరిగ్గా ఏడు రోజులు. ఎనిమిదో రోజు నుంచి చందా కట్టాలి.

మా చెల్లెలికి నలభై ఒకటి. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. మాతోనే ఉంటుంది. ఈమధ్య ఫోన్లో డేటింగ్ యాప్ పెట్టుకుని, "అక్కా, దీనికి నెలనెలా కట్టాలట" అంది.

నెలనెలా కట్టడానికి ప్రేమేమన్నా కరెంటా? మా ఇంట్లో నాలుగు ఫోన్లున్నాయి. ఒక్కో నంబరుకీ ఏడు రోజులు ఉచితం. ఇరవై ఎనిమిది రోజుల్లో కలవని మనసులు డబ్బు కడితే మాత్రం కలుస్తాయా, మీరే చెప్పండి!

అలా మా చెల్లెలు వారం వారం కొత్తగా పుట్టసాగింది. మొదటి వారం తన నంబరు, రెండో వారం నాది. మూడో వారం మా ఆయనది. ఫారం ఆయనే నింపారు. అలవాటుకొద్దీ 'పురుషుడు' అని నొక్కేశారు. ఆ వారమంతా మా చెల్లెలికి ఆడవాళ్లే కనిపించారు. అందులో ఒకావిడ వాళ్ల దుకాణం యజమానురాలు. మర్నాడు పనిలో ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు కానీ, ఎన్నాళ్లుగానో అడుగుతున్న ఆదివారం సెలవు మాత్రం ఖాయమైంది. డబ్బు కట్టినవాళ్లకి దొరుకుతాయా ఇలాంటి లాభాలు?

నాలుగో వారం అమ్మ నంబరు. యాప్ కూడా అమ్మ ఫోన్లోనే. డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ వచ్చిన ప్రతి మెసేజీ తనే ముందు చదివేది.

"ఎవరో అబ్బాయి, భోంచేశారా అని అడుగుతున్నాడే. ఈ ఇంట్లో నన్నెవరైనా అడిగారా ఆ మాట?"

ఆ అబ్బాయికి నలభై ఆరేళ్లు. లిఫ్టులు బాగుచేస్తాడు. మొదటి వారమే పరిచయమై, రెండో వారం ఫొటో చూసి మళ్లీ పట్టుకున్నాడు. మూడో వారం మా చెల్లెలు తప్పిపోయి నాలుగో వారం దొరికింది కదా, ఇలా రాశాడు: "వారం రోజులు కనపడలేదేంటండీ? అంతస్తుల మధ్య ఇరుక్కుపోయారేమో అనుకున్నాను."

అమ్మ పైకి చదివింది. మా చెల్లెలు నవ్వింది. అది అలా నవ్వగా విని ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు.

నంబర్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు కదా అంటారు. ఉచిత సభ్యులు నంబరు రాసినా, అడ్రసు రాసినా ఆ యాప్ వాటిని చెరిపేసి చుక్కలు పెట్టేస్తుంది. ఇరవై ఎనిమిదో రోజు పొద్దున చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఈరోజుతో అయిపోతుందక్కా. నేను కట్టేస్తాను."

"ఆగవే, పక్కింటావిడ ఫోను అడిగి చూస్తాను."

"వద్దు. ఇంకోసారి పుట్టే ఓపిక లేదు నాకు."

కట్టేసింది. నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ ఆదివారమే అతన్ని కలవడానికి వెళ్లింది.

ఆ రోజు అమ్మకి ఇన్సులిన్ నేను వేయాల్సొచ్చింది. సూది చూడగానే అమ్మకంటే ముందు నేనే కళ్లు మూసుకున్నాను. మా అమ్మాయి భిన్నాల లెక్కలు తెచ్చి ముందు పెట్టింది. మా ఆయన చొక్కాలు ఇస్త్రీకి ఎదురుచూస్తున్నాయి. ఒకటి కాల్చాను. ఇన్నేళ్లుగా ఇవన్నీ ఎవరు చేస్తున్నారో తెలియక కాదు. వేటికీ చందా అడగలేదు కాబట్టి తలుచుకునే అవసరం రాలేదు.

చీకటి పడేవేళకు చెల్లెలు వచ్చింది. చెప్పులు విప్పుతూ, "వచ్చే ఆదివారం కూడా వెళ్తానక్కా" అంది. అడగలేదు, చెప్పింది.

కాబట్టి ఆ యాప్ కంపెనీవారికి ఒక గృహిణి మనవి. అయ్యా, మీ చందా మరీ చవగ్గా ఉంది. ఇప్పటికే ఆలస్యమైనా సరే, దయచేసి పెంచండి. మా చెల్లెలు కట్టలేనంత.