టమాటా తోటలో స్విమ్మింగ్ పూల్

తన ఎకరన్నర టమాటా తోట స్విమ్మింగ్ పూల్ అయిపోయిందని ముడిమ్యాల రైతు స్వామిదాసుకు మొయినాబాద్‌లోని ఓ ఏసీ గదిలో, కళ్లకు డబ్బా కట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది!

ఇంతటి సౌకర్యం మన తాతలకు ఉండేదా? పొలం పోయిందని తెలుసుకోవడానికి వాళ్లు పాపం పొలందాకా నడవాల్సి వచ్చేది.

తోట పక్కన కొత్త వెంచర్ వేస్తున్నవాళ్లు మర్యాదకని ఆఫీసుకు పిలిచి, కట్టబోయేది చూడమని కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించారు. రెండు కళ్లకు రెండు బొమ్మలు, రెండూ కలిస్తే లోతు! ఆ లోతులో స్వామిదాసు తన గట్టు మీది జంట తాటిచెట్లను, మోటారు గదిని గుర్తుపట్టాడు. మధ్యలో నీలం నీళ్లు. ఒడ్డున ఎవడో పడుకుని జ్యూస్ తాగుతున్నాడు.

వెంటనే చెప్పులు విప్పాడు. చెప్పులతో చేనులో దిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. హద్దు తేల్చుకోవడానికి అడుగులు కొలవడం మొదలుపెట్టాడు.

"నడవొద్దు బాపూ!" అని అరిచాడు ఆ బొమ్మ తయారుచేసిన విక్రమ్. "చేతిల బటన్ ఉన్నది. యాడికి వోవాల్నో అటు చూపెట్టి ఒత్తు. టెలిపోర్ట్ అయితవ్."

"గట్ల దునికితె హద్దు ఎట్ల తెలుస్తది కొడుకా? జర పక్కకు జరుగు. పదకొండు... పన్నెండు..."

పదమూడో అడుగుకు టీ టేబుల్ బోర్లా పడింది.

తప్పెవరిది, మీరే చెప్పండి! టెలిపోర్ట్‌లో ముళ్లుండవు, బురదుండదు. పక్కవాడి గట్టు తొక్కనక్కర్లేదు, గట్టుగలవాణ్ని అడగనూ అక్కర్లేదు. ఫ్లై మోడ్‌లో పైకి లేస్తే ఊరు మొత్తం అరచేతంత! అరచేతంత దాన్ని గుప్పిట పట్టడం ఎంతసేపు?

స్వామిదాసు మొండివాడు. ఈ మహిమను మెచ్చుకోలేదు, హెడ్‌సెట్టూ తియ్యలేదు.

"నేను అమ్మలే. సంతకం వెట్టలే. నా చేన్ల గీ నీళ్లు యాడికెల్లి వచ్చినయ్?"

'పూల్ ఫేసింగ్' ప్లాటు కోసం నగరం నుంచి వచ్చి సోఫాలో కూర్చున్న దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీళ్లెక్కడియి బాపూ, అది ఉత్త బొమ్మ!"

"అయితె గా ముచ్చట నాకెందుకు? ప్లాట్లు కొననీకి వచ్చినోళ్లకు చెప్పు."

విక్రమ్ నుదురు తుడుచుకున్నాడు.

"డ్రోన్ ఫోటోల ఆ జాగ పచ్చగ కనవడ్డది. పచ్చగ ఉంటె ఖాళీదే అనుకున్న. పూల్ ఉంటె ప్లాట్లు జల్ది పోతయని సార్లు అన్నరు, వెట్టేసిన. అది చేనని నాకెట్ల ఎరుక బాపూ? ముడిమ్యాలకు నేనెన్నడు రాలే. మా సార్లు గూడ రాలే. అందరం గీ డబ్బల్నే చూసినం!"