సత్తమ్మ నెత్తిన పడని ఖర్చు

"కరెంటు కంపెనీ ఖర్చుల్లో ఏది జనం బిల్లులోకి ఎక్కాలో, ఏది ఎక్కకూడదో ఇకపై మేమే తేలుస్తాం!" అని ఉప్పల్ సభలో మంత్రిగారు గర్జించారు. కంపెనీ ప్రచారాలు, శాలువాలు, గెస్ట్‌హౌస్ బిర్యానీలు ఇక ఎక్కవట. నాచారంలో కారం పట్టే గిర్ని నడిపే సత్తమ్మ అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చేసరికి గిర్ని గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంది. అసలే ఎండాకాలం. ఏడాదికి సరిపడా కారం అందరూ ఈ నెలలోనే పట్టించుకుంటారు. సత్తమ్మ ఏడాది బతుకూ ఈ నెల మీదే. వాకిట్లో అప్పటికే పదకొండు మిర్చి బస్తాలున్నాయి.

మర్నాడు కరెంటు కంపెనీ ఏఈ గిరిప్రసాద్ ఆఫీసుకు పరుగెత్తింది. ఆయన రూలంటే ప్రాణమిచ్చే మనిషి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ కాదన్నాడు.

"కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఖర్చు కదమ్మా. అది మీ నెత్తిన పడొచ్చో లేదో మంత్రిగారు వేసిన కమిటీ తేల్చాలి. అప్పటిదాకా మేం పైసా తియ్యకూడదు."

"పడనియ్యి సారూ, నా నెత్తే గదా!"

"మీరొప్పుకున్నా మేం ఒప్పుకోకూడదని ఆర్డరమ్మా."

ఆ కమిటీ పోచారంలో ఒక చల్లని హోటల్లో కూర్చుని ఉంది. హోటల్ ఖర్చు ఏ పద్దులో రాయాలో ముందు తేల్చుకుంటోందట.

వారం చూసి గల్లీవాళ్లు ఎప్పట్లాగే తలా కొంత వేసుకుని, డీసీఎం వ్యాను మాట్లాడుకుని, కంపెనీ స్టోర్స్‌వాళ్లను బతిమాలి అక్కడున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను తామే తెచ్చుకున్నారు. గిరిప్రసాద్ గల్లీ మొదట్లోనే వాళ్ల బండిని ఆపాడు.

"కిరాయి ఎవరిచ్చారు?"

"మేమే ఇచ్చినం. ఎప్పుడైనా మేమే గదా సారూ ఇచ్చేది!"

"అయ్యయ్యో! జనం మీద ఖర్చు పడిపోయింది కదమ్మా! నా ఉద్యోగం ఊడుతుంది."

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిన దారినే వెనక్కి పోయింది. తిరుగు కిరాయి కూడా గల్లీవాళ్లే ఇచ్చారు. దాని గురించి ఆయన అడగలేదు.

సత్తమ్మకు ఏడుపొచ్చింది. జనం తమ బస్తాలను ఒక్కొక్కటే హబ్సిగూడ గిర్నికి మోసుకుపోయారు. చివరికి ఐదు మిగిలాయి.

నెలాఖరుకు బిల్లు వచ్చింది. కనీస చార్జీ తప్ప అందులో ఏమీ లేదు. ఇంతగా బిల్లు తగ్గినవాళ్లు రాష్ట్రంలోనే మరొకరు లేరని తెలిసి, మంత్రిగారు స్వయంగా సన్మానానికి బయల్దేరారు. గిర్ని ముందే స్టేజీ, మైకులు, కూలర్లు వెలిశాయి. గల్లీలో కరెంటు లేదు కనుక లారీ మీద పెద్ద జనరేటర్ కూడా వచ్చింది.

"గీ ఖర్చు మా నెత్తిన పడదా సారూ?" అంది సత్తమ్మ.

"ఇది అవగాహన కార్యక్రమం అమ్మా. అవగాహన ఖర్చు బిల్లులోకి ఎక్కొచ్చని కమిటీ నిన్ననే తేల్చింది" అన్నాడు గిరిప్రసాద్ గర్వంగా.

"మరి శాలువా?"

"అదీ అవగాహనే."

మంత్రిగారు ఆమెకు తెల్ల శాలువా కప్పి మైకు అందుకున్నారు. సత్తమ్మ మెల్లగా స్టేజీ దిగి, జనరేటర్ నడిపే దయాకర్ చేతులు పట్టుకుంది.

"అన్నా, నీ కాల్మొక్త, జర ఒక్క వైరు గిటు గుంజు."

గిర్ని గుర్రుమని లేచింది. ఎర్రటి ఘాటు స్టేజీ మీదికి పాకింది. మంత్రిగారి కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి. పేదల కోసం ఏడ్చే నాయకుణ్ణి చూసి జనం దగ్గుతూ తామూ ఏడ్చారు. కెమెరాలన్నీ దగ్గరికొచ్చాయి కనుక మంత్రిగారు గంటన్నర దాకా ఆపలేదు.

"ఇంతటితో ముగిస్తున్నాను" అన్నారు మంత్రిగారు ముక్కు తుడుచుకుంటూ.

సత్తమ్మ గిర్నిలోంచి ఉరికొచ్చింది. శాలువా నిండా కారం.

"అప్పుడే ఆపకున్రి సారూ! మస్తు చెప్తున్రు. ఇంకో గంట మాట్లాడున్రి, రెండు బస్తలు మిగిలినయ్!"