సెక్యూరిటీ కీ కింద ఉంది

మా ఇంట్లో ఇంటర్నెట్ భద్రతా విభాగం ఏర్పాటైందని, అది చక్కగా పనిచేస్తున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ విభాగానికి అధిపతి, ఉప అధిపతి, సిబ్బంది అన్నీ మా పెదనాన్నే. విభాగం ఆస్తులు: ఒక స్టూలు, ఒక విజిలు, ఒక టార్చిలైటు, అట్ట వేసిన ఒక రిజిస్టరు. ఇంటర్నెట్‌కి టార్చిలైటు ఎందుకని అడిగినవాళ్ళకు ఆయన ఇచ్చే జవాబు ఒక్కటే: "దొంగ వచ్చాక కొనుక్కొస్తామా?"

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మాది మూడంతస్తుల ఇల్లు. కింద పెదనాన్న, పెద్దమ్మ. మధ్యలో అమ్మ, నాన్న, నేను. పైన అత్తయ్య, ఆవిడ కుట్టు మిషను. మా ఇంటి చరిత్రలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి అందరూ నా పేరు మర్చిపోయి 'డిగ్రీ' అని పిలుస్తారు. "డిగ్రీ, ట్యాంకు నిండింది, మోటారు ఆపు." "డిగ్రీని కేకెయ్యండి, బల్బు పోయింది." చదువు ఊరికే పోదని పెద్దలు అనేది ఇందుకే.

ఆ డిగ్రీకి ఒక ఇంటర్వ్యూ వచ్చింది. బుధవారం పదకొండు గంటలకు, వీడియోలో. ఉద్యోగం ఒక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ సహాయ కేంద్రంలో. ఫోన్ చేసినవాళ్ళ ఇంటర్నెట్ కష్టాలు విని తీర్చాలి. రెండేళ్ళలో నేను పెట్టిన నలభై దరఖాస్తుల్లో జవాబు వచ్చింది ఇదొక్కటే. ప్రింటు తీయించి తెస్తే, అమ్మ దాన్ని చదవలేదు గానీ మూడుసార్లు తడిమి చూసింది. నేను దాన్ని ఫొటో తీసి, అందులో ఉన్న నా ఫోన్ నంబరుతో సహా, లోకమంతా చూసేలా పోస్టు చేశాను. నూట పన్నెండుమంది చప్పట్లు కొట్టారు. ఇక ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించక తప్పలేదు.

శుక్రవారం కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన మెకానిక్‌కి తొందరెక్కువ. మా మధ్య అంతస్తులో గోడకి రెండు కన్నాలు పెట్టి, వైరు లాగి, రూటర్ని అలమారలో కూర్చోబెట్టి, "సెక్యూరిటీ కూడా పెట్టేశానండీ" అన్నాడు.

"ఇంకొకడెందుకు? నేనున్నాగా," అన్నారు పెదనాన్న.

పెదనాన్న ఇరవై ఎనిమిదేళ్ళు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర సెక్యూరిటీగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన సర్వీసులో ఒక్క బంగాళాదుంప కూడా సంతకం పెట్టకుండా గేటు దాటలేదు. ఆ సంగతి మెకానిక్‌కి తెలియదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ, "సెక్యూరిటీ కీ కింద ఉందండీ, చూసుకోండి," అని చెప్పి మెట్లు దిగిపోయాడు.

అతను చెప్పింది రూటర్ అడుగున అంటించిన వైఫై పాస్‌వర్డ్ చీటీ గురించి అని మీకూ నాకూ తెలుసు. కానీ మా ఇంట్లో సెక్యూరిటీ అంటే పెదనాన్న. కింద అంటే పెదనాన్న వాటా. కీ అంటే తాళంచెవి. ఆ వాక్యంలో అనుమానానికి చోటెక్కడుంది?

రెండు రోజులు వెతుకులాట జరిగింది. పెద్దమ్మ వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించింది. పదకొండేళ్ళ క్రితం పోయిన ట్రంకుపెట్టె తాళంచెవి పిండి డబ్బాలో దొరికింది. ఆ పెట్టెకి తాళం పగలగొట్టించి, పనికిరాదని పాతసామాన్లకి వేసి పదేళ్ళయింది. "నేనప్పుడే చెప్పాను, ఇంట్లోనే ఉంటుందని!" అంది పెద్దమ్మ. "ఇంట్లోనే ఉంటుందని తెలిసినదానివి, ఎక్కడుందో తెలీదా?" అన్నారు పెదనాన్న. ఆ పూట ఇంటర్నెట్ సంగతి పక్కకి పోయింది.

మధ్యలో నేను రూటర్ తిరగేసి చూపించబోయాను. "పెద్దవాళ్ళు వెతుకుతుంటే ఆటలేమిటే?" అన్నారు. నేను పెద్దల మాట వినే పిల్లని. అందరూ అలసిపోయి కూలబడ్డాక, శనివారం సాయంత్రం, మళ్ళీ చూపించాను. చీటీ మీద పదహారు అక్షరాలూ అంకెలూ. పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "ఇంత ముఖ్యమైన కీని పైకి కనబడేలా అంటిస్తారా? బుద్ధుందా వీళ్ళకి?" అని దాన్ని రిజిస్టరు మొదటి పేజీలో ఎక్కించుకుని, చీటీని గోటితో గీకి పారేశారు.

ఆ క్షణం నుంచి విభాగం అమల్లోకి వచ్చింది. నిబంధనలు సులువే. నెట్ కావలసినవాళ్ళు ఫోను తెచ్చి, రిజిస్టరులో పేరు, వచ్చిన సమయం, ఎవరిని కలవాలి, పని ఏమిటి అన్నవి రాయాలి. అమ్మ 'ఎవరిని కలవాలి' దగ్గర 'మా చెల్లెలిని' అని రాసింది. అత్తయ్య 'పని' దగ్గర 'ఊరికే' అని రాసింది.

"ఊరికే అంటే కుదరదమ్మా. పని రాయాలి."

"ఊరికే ఉండటమే నా పని అన్నయ్యా. రోజంతా మిషను తొక్కాక దొరికే పని అదొక్కటే. రాసుకో."

రాసుకున్నారు. తర్వాత ఆవిడని గోడవైపు తిరగమన్నారు. పెదనాన్న కీ కొట్టేటప్పుడు సొంత చెల్లెలైనా సరే చూడకూడదు. ఆవిడ తిరిగింది. ఆయన రిజిస్టరు విప్పి, ఒక వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, లారీ డ్రైవర్లకు వినబడేలా ఇరవై ఎనిమిదేళ్ళు అలవాటైన గొంతుతో చదువుతూ కొట్టారు. "పెద్ద కే... ఏడు... చిన్న ఎమ్... ఇంకో ఏడు..." నెట్ వాడటం అయిపోగానే ఫోన్లోంచి ఆ కీ తీసేసి, వెళ్ళిన సమయం వేసి, సంతకం పెట్టించుకునేవారు. మళ్ళీ కావాలంటే మళ్ళీ గోడ, మళ్ళీ పెద్ద కే.

ఇంట్లో మిగతావాళ్ళు కూడా శాస్త్రీయ దృక్పథంలో వెనకబడలేదు. రూటర్ లైటు కన్ను కొడుతోందని అమ్మ దానిమీద తువ్వాలు కప్పింది. మధ్యాహ్నం పూట ఆపి ఉంచితే నెట్ నిండి, సాయంత్రం ధారగా వస్తుందని అత్తయ్య కనిపెట్టింది. ఫోన్లో ప్రైవేట్ విండో అని ఒకటుంటుందని నేను నాన్నకి చెప్పిన దగ్గర్నుంచి, ఆయన అది తెరిచిన ప్రతిసారీ లేచి వెళ్ళి గది కిటికీ మూసి వస్తున్నారు.

చదువుకున్నదాన్ని, చూస్తూ ఊరుకోలేను కదా. ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు ప్రసంగించాను. "నాగరిక సమాజానికి నేడు పొంచి ఉన్న ప్రమాదం అజ్ఞానం. మన ఫోనుకి వచ్చే ఓటీపీ అనే ఆ ఆరంకెల నంబరును, కన్నతల్లి అడిగినా చెప్పరాదు." అమ్మ నొచ్చుకుంది. "నేనెందుకు అడుగుతానే?" అంది.

నాన్నకి ఒక సందేహం వచ్చింది. "ఇవన్నీ చదువుకున్నవాళ్ళకి తెలుసు కదా? మరి వాళ్ళు కూడా మోసపోతున్నారట, ఎందుకు?"

"శ్రద్ధ లేక నాన్నా," అన్నాను.

సోమవారానికి నెట్ నత్తనడక పట్టింది. కిటికీల్లోంచి కారిపోతోందని పెదనాన్న కిటికీలన్నీ వేయించారు. ఇల్లు ఇడ్లీ పాత్రలా అయింది గానీ వేగం పెరగలేదు. మంగళవారం పొద్దున నేను రూటర్ లెక్క తీసి చూపించాను. మా ఇంట్లో ఫోన్లు నాలుగు. దాన్ని పట్టుకుని వేలాడుతున్నవి పంతొమ్మిది.

పెదనాన్న బాల్కనీలోకి వెళ్ళి విజిలు ఊదారు. వీధి ఆగింది. నా చేతిలోంచి ఫోను తీసుకుని, అందులో కనబడుతున్న పేర్లతో హాజరు పిలిచారు. "రారాజు! లక్కీ టూ! ఐరన్ మాస్టర్!"

"ఇక్కడే సార్!" అని ఎదురు అరుగుమీంచి ఇస్త్రీ అతను చెయ్యెత్తాడు.

"నా కీ నీకెవడిచ్చాడయ్యా?"

"మీరే కద సార్. మూడు రోజుల్నుంచి పొద్దునా సాయంత్రం పాఠం చెప్పినట్టు చెబుతున్నారు. వద్దనుకున్నా నోటికొచ్చేసింది." కాస్త ఆగి, గౌరవంగా, "మూడోది చిన్న ఎమ్మో పెద్ద ఎమ్మో మొదట తెలియలేదు సార్. పైన మీ చెల్లెలుగారిని అడిగితే చెప్పారు," అన్నాడు.

అత్తయ్య మిషను చప్పుడు ఎక్కువైంది.

పెదనాన్న విజిలు జేబులో వేసుకుని లోపలికొచ్చారు. బంగాళాదుంపని కూడా వదలని మనిషి. ఆ తర్వాత రిజిస్టరు తీసి, ఎర్ర ఇంకుతో రాశారు: 'నంబరు గట్టిగా చదివినవాడే దొంగకి గేటు తీసినవాడు.' కింద తేదీ వేసి, తనే సంతకం పెట్టుకున్నారు.

"కీ మార్చేద్దాం పెదనాన్నా, రెండు నిమిషాల పని," అన్నాను.

"తాళం మారుస్తారు గానీ తాళం అలాగే ఉంచి కీ మారుస్తారటే ఎక్కడైనా?" అని, రూటర్ని పొడుగు వైరుతో కిందికి దించి, తన ఇనప బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టి, వైరుకి సందుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఇప్పుడు సెక్యూరిటీకి కీ ఉంది. కీ కిందే ఉంది. మెకానిక్ మాట ఐదో రోజుకి నిజమైంది. సిగ్నల్ మాత్రం బీరువా దాటి రావడం మానేసింది.

బుధవారం పది యాభైకి నేను రిజిస్టరులో సంతకం పెట్టాను. ఎవరిని కలవాలి: ఇంటర్వ్యూ మేడమ్. పని: ఉద్యోగం. పెదనాన్న ఆ రెండో మాట రెండుసార్లు చదువుకుని, బీరువా ఒక తలుపు తీశారు. రెండో తలుపు తీయడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. నేను విభాగం వారి స్టూలు మీద కూర్చుని, నడుం దాకా బీరువాలోకి వంగాను. కలరా ఉండల వాసన. చెవి పక్కన రూటర్ వెచ్చగా ఉంది. అమ్మ నా వెనక నిలబడి, అవసరం లేకపోయినా, నా జడ పట్టుకుంది.

మేడమ్ తెరమీదకి వచ్చారు. "చుట్టూ ఆకుపచ్చగా ఏమిటమ్మా అవి?"

"దుప్పట్లు మేడమ్."

ఆవిడ రాసుకున్నారు. ప్రశ్నలు వచ్చాయి. ఆఖరి ప్రశ్న ఇది: "ఒక కస్టమర్ రూటర్ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి, సిగ్నల్ లేదని తిడుతున్నారు. ఏం చెబుతావు?"

"ముందు ఆయన చెప్పేది పూర్తిగా వింటాను మేడమ్. ఆ తర్వాత ఒక తలుపు తీయమని బతిమాలుతాను. రెండూ తీయమంటే ఒప్పుకోరు."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

నేను ఫోను చుట్టూ తిప్పి చూపించాను. దుప్పట్లు, రూటర్, తలుపు, తలుపు పక్కన అటెన్షన్‌లో పెదనాన్న. మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "రెండు రోజుల్లో లెటర్ వస్తుందమ్మా," అని నవ్వుతూనే వెళ్ళిపోయారు.

బీరువాలోంచి బయటికొచ్చి పావుగంట కాలేదు. ఫోను మోగింది. "అభినందనలు మేడమ్! మీరు సెలెక్టయ్యారు. వెంటనే చేరాలి. మీ ఫోనుకి ఇప్పుడే ఒక ఆరంకెల నంబరు వచ్చింది, అది చెబితే మీ పేరు ఎక్కించేస్తాను."

పుట్టి ఇన్నేళ్ళకి నన్ను ఒకరు మేడమ్ అన్నారు. నలభై దరఖాస్తులు, రెండేళ్ళు, మోటారు స్విచ్చి, పోయిన బల్బులు అన్నీ గుర్తొచ్చాయి. అమ్మ అప్పటికే ఏడుస్తోంది. నేను లేచి నిలబడి, వార్తలు చదివినంత స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా మొదలుపెట్టాను. "నాలుగు... సున్నా... తొమ్మిది... తొమ్మిది..."

విజిలు మోగింది. పైన మిషను ఆగింది. ఎదుటి అరుగుమీద ఇస్త్రీ అతను అలవాటుగా "ఇక్కడే సార్!" అన్నాడు.

"డిగ్రీ! నంబరు గట్టిగా చదువుతున్నావేంటే?" అంటూ పెదనాన్న నా చేతిలోంచి ఫోను లాక్కుని, రిజిస్టరు తీశారు. "హలో. పేరు? ఎక్కణ్ణుంచి వచ్చారు? ఎవరిని కలవాలి?"

"సార్, చాలా అర్జెంటు సార్, మిగతా రెండంకెలు—"

"అర్జెంటన్నవాణ్ణి ఇంకాసేపు నిలబెట్టడమే గేటు రూలు. పని ఏమిటో చెప్పండి. మీ పైవాడి పేరేమిటి?"

అవతల ఫోను పెట్టేశాడు. పెదనాన్న గడియారం చూసి రాసుకున్నారు. వెళ్ళిన సమయం: పదకొండు నలభై రెండు. సంతకం: పెట్టలేదు.

"పెదనాన్నా, నా ఉద్యోగం!" అని నేను నేలమీద కూలబడి ఏడ్చాను. ఇల్లంతా చుట్టూ చేరింది. అత్తయ్య మెట్లన్నీ దిగొచ్చింది. నాన్న నా ఫోను తీసుకుని, కూడబలుక్కుంటూ ఆ మెసేజీ చదివారు. నంబరు కంటే ముందు ఒక వాక్యం ఉంది. ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దు. మా బ్యాంకు సిబ్బంది అడిగినా చెప్పవద్దు.

"కన్నతల్లి అడిగినా," అంది అమ్మ, మెల్లగా.

పెదనాన్న ఎర్ర ఇంకు పేజీ తీశారు. తిట్టినా బాగుండేది. రిజిస్టరు నా ముందుకి జరిపి, ఎర్ర ఇంకుతో రాసినదాని కింద వేలు పెట్టి, "ఇక్కడ సంతకం," అన్నారు.

రెండో రోజున అసలు లెటర్ వచ్చింది. చేరాను. మొదటి రోజు శిక్షణలో సారు అడిగారు: "ఎవడో ఫోన్ చేసి అడిగితే ఓటీపీ చదివి చెప్పే మహానుభావులు ఈ రోజుల్లో కూడా ఉన్నారంటే నమ్ముతారా?" నలభైమంది డిగ్రీలవాళ్ళం పగలబడి నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

మీరూ నవ్వుతున్నారు. చాలా సంతోషం. బయటికి పోయేముందు రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళండి, పెదనాన్న ఊరుకోరు. మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ మాత్రం చెప్పనక్కర్లేదు. అది మీ ఫోన్ నంబరే కదా?