నీలిబూడిద రంగుకు ఇద్దరు సాక్షులు

ఏ రంగుకైనా ఒక అర్థం ఉండాలి, ఒక్కటే ఉండాలి, అది శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు ఉండాలి. నాగరిక సమాజం ఈ మూడు సూత్రాల మీదే నిలబడి ఉందని వికారాబాద్‌లోని వర్ణ, ఆకార అర్థ నిర్ధారణ విభాగానికి గట్టి నమ్మకం. (నాలుగో సూత్రం కూడా ఉంది. రెండు జిరాక్సులు.)

పెద్దేముల్ రెబెక్కకు ఈ సంగతి తెలియదు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె, అదీ చిత్రకళలో. వికారాబాద్ బస్టాండులో కొత్తగా కట్టిన ప్రయాణికుల హాలు గోడకు చిత్రం కావాలని ప్రకటన వస్తే పంపింది. ఎంపికైంది. సోమవారం ప్రారంభం. ఆ రోజు పనికి సెలవు పెట్టి, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వస్తానన్నాడు తండ్రి నర్సప్ప. తాండూరు బండల పాలిష్ యూనిట్‌లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ఆయన, పెళ్లిళ్లకూ చావులకూ తప్ప సెలవు అడగడం అదే మొదలు.

చిత్రంలో మనిషి లేడు, చెట్టు లేదు. కింద నీలిబూడిద రంగులో పెద్ద చదరం. దాని మీదికి వంగిన పసుపు పట్టీ ఒకటి. పడిపోతున్నట్టే ఉంటుంది, పడదు. పట్టీ వంగిన చోట ఒక ఎర్రచుక్క.

"మంచిగుందమ్మా," అన్నాడు విభాగాధికారి కుమారస్వామి కళ్లద్దాలు తుడుచుకుంటూ. "గని గిది ఏంది?"

"ఏ బొమ్మా కాదు సార్. రంగులు, ఆకారాలు, అంతే. చూసినోళ్లకు ఏదనిపిస్తే అది."

కుమారస్వామి పెన్ను కింద పెట్టాడు. "ఎవరికి ఏదనిపిస్తే అదంటే, రిజిస్టర్ల నేనేం రాయాలె?"

ఫారం ఇచ్చాడు. ఎరుపు: కోపం, ప్రమాదం, కుంకుమ. ఏదో ఒక్కదానికే టిక్కు. పసుపు: శుభం, కామెర్లు. ఆకారాలకు వేరే పేజీ. (గుండ్రనివి ఆశ కింద, మూడు మూలలవి అసంతృప్తి కింద వస్తాయి. చదరం అర్థం ఇంకా పైనుంచి రాలేదు.) నీలిబూడిద అసలు జాబితాలోనే లేదు. అలాంటి రంగును అది ఎక్కువగా దొరికే ఊరికి విచారణకు పంపుతారు. అక్కడ ఏమీ చెప్పకుండా చూపిస్తే కనీసం ఇద్దరు సాక్షులు ఒకే అర్థం చెప్పాలి. చెప్పకపోతే గోడకు ఫ్లెక్సీ కడతారు. ఫ్లెక్సీలో ఎవరో ఒకరు నమస్కారం పెడుతూ ఉంటారు కనుక అర్థం ఎవరూ అడగరు.

గురువారం పొద్దున చిత్రం రెబెక్కతో, విచారణాధికారి పాండుతో కలిసి బస్సులో, నేలకు పరిచే నీలిబూడిద బండల ఊరు తాండూరు చేరింది. (కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాడు. అర్థం అడగలేదు.) నర్సప్ప పనిచేసే యూనిట్ ముందే నిలబెట్టారు.

మొదట వచ్చింది బండల వ్యాపారి ధనరాజ్ సేటు. వచ్చీ రాగానే చిత్రాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు. తాండూరులో చదరంగా, నీలిబూడిదగా ఏది కనిపించినా అంతే. ఖంగుమంటే మంచి బండ, మూగగా పలికితే లోపల పగులు.

"పగులుంది," అన్నాడు.

"గది బండ కాదు సేటూ, బట్ట," అంది రెబెక్క.

"గందుకేనా మోగుతలేదు! బట్ట మీద బండ ఎవడు పరిచిండు?"

పాండు రాసుకున్నాడు. అర్థం: బండ.

చాయ్ అమ్మే సత్యమ్మ కూడా కొట్టి చూసింది. "బండనే. అంచు జర చెదిరింది." మధ్యాహ్నానికి పద్నాలుగు మంది కొట్టారు, పద్నాలుగు మందీ బండే అన్నారు.

అప్పుడు లోపలినుంచి నర్సప్ప వచ్చాడు, కనురెప్పల దాకా రాతిపిండితో. రెబెక్క ఆయనకు ఆ చిత్రం ఇంతవరకూ చూపించలేదు. ఆయన కొట్టలేదు. దూరంగా నిలబడి చాలాసేపు చూశాడు.

"నడుం గదా బిడ్డా గిది," అన్నాడు. "వంగింది. లేస్తలేదు, పడ్తలేదు."

వెనకే వచ్చిన మత్తయ్య, పక్క మిషన్ మీద పనిచేసేవాడు, నవ్వాడు. "నీ ఒక్కనిదే అనుకుంటున్నవా? అందరి నడుమూ గదే. గా ఎర్రది చూడు, సాయంత్రం నాలుగు కొట్టంగనే గాడ్నే పొడుస్తది."

రెబెక్కకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "సార్, ఇద్దరు! ఇద్దరూ ఒకటే చెప్పిన్రు!"

పాండు మంచివాడు. నిబంధనల పుస్తకాన్ని విచారంగానే తెరిచాడు. రక్తసంబంధీకులకు తోచిన అర్థం చెల్లదు. మత్తయ్య సంగతి? "ఒక్క తీరు పని చేసేటోళ్లకు ఒక్క తీరే అనిపిస్తే, గది అర్థం కాదు మేడం. అలవాటు."

"మరి బండ అన్నోళ్లు?"

"వాళ్లు చేసేటోళ్లు కాదు గదా. చూసేటోళ్లు."

శుక్రవారం నాలుగూ నలభైకి 'అర్థం: బండ' అన్నదాని కింద కుమారస్వామి సంతకం పెట్టాడు. "పాసయింది పో. ఫ్లెక్సీ తప్పింది."

"కింద చిన్నగ 'నడుం' అని రాసుకోవచ్చా సార్?"

"రెండర్థాలైతయమ్మా," అన్నాడాయన జాలిగా.

ఫైలు పక్క టేబుల్‌కు వెళ్లింది. బండలన్నీ నేల విభాగం కిందికి వస్తాయి.

సోమవారం నర్సప్ప తెల్ల చొక్కాలో వచ్చాడు. గోడ ఖాళీగా ఉంది. చిత్రం గుమ్మం దగ్గర నేలలో ఉంది, మందపాటి అద్దం కింద. (కళను కాపాడే బాధ్యత విభాగానిదే.) మోమిన్‌పేట్ బస్సు దిగినవాళ్లు మూటలతో, పిల్లలతో దాని మీదుగా లోపలికి నడిచారు. నర్సప్ప చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, పక్కకు జరిగి నిలబడ్డాడు.

"నాయినా, సార్‌తోని మాట్లాడి తీపిస్త," అంది రెబెక్క.

"ఎందుకు బిడ్డా," అన్నాడాయన, ఆ నడుం మీదుగా దాటుతున్న కాళ్లను చూస్తూ. "ఇప్పుడే మస్తు కుదిరింది."

హాలులో ఫిర్యాదుల పుస్తకం కూడా పెట్టారు. ఆ చిత్రం అర్థం కాలేదని ఇంతవరకూ ఒక్కరూ రాయలేదు.